రెండు నొక్కుల లెక్క: ఉద్యోగినులకు ఈస్ట్రోజెన్ జెల్ గురించి

క్వార్టర్ ఎండింగ్ రివ్యూ మీటింగు. మీ బ్రాంచి లెక్కలు మీరే చెప్పాలి. మూడో స్లైడు దగ్గర మెడ వెనక సెగ మొదలై చెవుల మీదుగా మొహంలోకి పాకుతుంది. ఏసీ ఇరవై రెండులో ఉంది. పక్క కుర్చీలో కుర్రాడు స్వెట్టర్ జిప్పు పైకి లాక్కుంటున్నాడు. మీ బ్లౌజు మాత్రం వీపుకి అతుక్కుపోయింది. రెండు మూడు నిమిషాల్లో సెగ తగ్గిపోతుంది. ఆలోపు జోనల్ మేనేజర్ అడిగిన ప్రశ్నకి మీరు తడబడ్డారు, అందరికీ గుర్తుండేది అదే. రాత్రి రెండింటికోసారి, నాలుగింటికోసారి చెమటకి తడిసి లేచారన్న సంగతి అక్కడెవరికీ తెలియదు. చెప్పినా అప్రైజల్ ఫారంలో దానికి గడి లేదు.

మెనోపాజ్ దగ్గరపడే ఈ దశలో డాక్టరు రాసిచ్చో, ఫ్రెండు చెప్పో చాలామంది చేతికొచ్చేది బయోఐడెంటికల్ ఈస్ట్రోజెన్ క్రీమ్ లేదా జెల్. సరైన మనిషికి సరైన మోతాదులో పడితే ఇలా సెగలా వచ్చే ఆవిర్లకి బాగా పనిచేసే మందు ఇది. కాకపోతే మాత్రకి ఉన్న సౌకర్యం దీనికి లేదు. మాత్ర మింగితే మోతాదు లోపలికి పోయినట్టే. జెల్ అయితే ఎంత, ఎక్కడ, ఎప్పుడు రాసుకున్నారన్నది రోజూ మీ చేతిలోనే ఉంటుంది. ఉద్యోగం హడావిడిలో లెక్క తప్పేది అక్కడే. వాడాలా వద్దా తేల్చేది డాక్టరు. ఆ గదిలోంచి బయటికొచ్చాక మీరు చూసుకోవాల్సిన సంగతులు కింద రాస్తున్నాను.

పేరు చూసి మోసపోవద్దు

బయోఐడెంటికల్ అంటే మన అండాశయాలు తయారుచేసే హార్మోనుకీ ఈ మందుకీ రసాయన నిర్మాణం ఒకటేనని అర్థం. ఈస్ట్రడయోల్, ఎస్ట్రియోల్, ప్రొజెస్టరాన్ ఈ కోవలోవే. సోయా నుంచో, పెండలం జాతి దుంపల నుంచో తీసిన ముడిసరుకును ల్యాబులో హార్మోనుగా మారుస్తారు. డబ్బా మీద 'నేచురల్' అని ఉన్నా అది ఫ్యాక్టరీలో తయారైందే. అందులో తప్పేమీ లేదు. ఆ మాట చూసి సైడ్ ఎఫెక్టులు ఉండవని ధైర్యపడటమే తప్పు. శరీరం దాన్ని సొంత హార్మోనులాగే చూస్తుంది, అంటే మంచి చెడ్డలు రెండూ చేయనిస్తుంది.

ఈ పేరుతో రెండు రకాల సరుకు దొరుకుతుంది. ఒకటి, డ్రగ్ లైసెన్సు మీద కంపెనీ తయారుచేసి, గ్రాముకి ఇంత మందు అని అచ్చువేసి అమ్మేది. రెండోది, ఫార్మసీలో ఒక్కొక్కరికి విడిగా కలిపిచ్చేది, లేదా ఆన్‌లైన్‌లో కొనేది. అమెరికా నేషనల్ అకాడమీస్ 2020లో ఇచ్చిన నివేదిక ఇలా ఫార్మసీలో కలిపిచ్చే రకం భద్రతకీ, ఫలితానికీ సరైన ఆధారాలు లేవని, వాడకాన్ని పరిమితం చేయాలని చెప్పింది. డల్లాస్ నుంచి అమ్మాయి తెచ్చిచ్చిన ఎస్ట్రియోల్ క్రీమ్ మీ బీరువాలో ఉంటే ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. ఎస్ట్రియోల్ ఉన్న మందు దేనికీ అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. అక్కడ ఆమోదం లేని క్రీమ్‌ని ప్రేమగా తెచ్చారని ఇక్కడ వాడనక్కర్లేదు.

రెండు ట్యూబులు, రెండు పనులు

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇది. చేతికో తొడకో రాసుకునే ఈస్ట్రడయోల్ జెల్ చర్మం గుండా రక్తంలోకి చేరి ఒళ్లంతా పనిచేస్తుంది. ఆవిర్లకి, రాత్రి చెమటలకి వాడేది అదే. యోనిలో వాడే ఎస్ట్రియోల్ క్రీమ్ వేరు. అది ఆ భాగం పొడిబారడానికి, మంటకి, మాటిమాటికీ వచ్చే యూరిన్ ఇన్ఫెక్షన్లకి. దాని మోతాదు చాలా తక్కువ, రక్తంలోకి చేరేది స్వల్పం. ఆవిర్లకి అది పనికిరాదు.

ఒక టీచరమ్మ సంగతి అనుకుందాం. చిన్న ఊళ్లో మెడికల్ షాపుకి వెళ్లి "ఈస్ట్రోజెన్ క్రీమ్" అంది. అతను ఉన్నదేదో ఇచ్చాడు. అది యోని క్రీమ్. ఆవిడ రెండు నెలలు చేతులకి రాసుకుని, ఆవిర్లు తగ్గకపోతే 'నా ఒంటికి ఈ మందు పడదు' అని మానేసింది. అసలు మందు ఆవిడకి మొదలే కాలేదు. అందుకే షాపులో పేరు నోటితో చెప్పకండి, ప్రిస్క్రిప్షన్ చూపించండి. ఇంటికొచ్చాక డబ్బా మీద మూడు చూడండి: మందు పేరు, శాతం, వాడాల్సిన చోటు. మూడూ చీటీతో కలవకపోతే అదే రోజు వెనక్కివ్వండి. "అదేనమ్మా, కంపెనీ వేరంతే" అనే మాటని నమ్మేముందు ఫోటో తీసి డాక్టరుకి పంపండి.

2002 నాటి భయం

ఇంట్లోవాళ్లకి చెబితే "హార్మోన్లా? క్యాన్సర్ వస్తుందట" అంటారు. ఆ మాటకి మూలం అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద పరిశోధన. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన భాగాన్ని 2002 జులైలో మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి పదివేల మందిలో 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. అయితే అందులో వాడినది గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర, దానికి తోడు కృత్రిమ ప్రొజెస్టిన్. పాల్గొన్నవారి సగటు వయసు 63. నలభై తొమ్మిదేళ్ల మనిషి రాసుకునే ఈస్ట్రడయోల్ జెల్‌కి ఆ లెక్కను యథాతథంగా అతికించలేం.

అలాగని జెల్ పూర్తిగా నిరపాయమనీ చెప్పలేం. మాత్రలా ముందు లివర్ గుండా పోదు కాబట్టి రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రతో పోలిస్తే తక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. రొమ్ము విషయంలో జాగ్రత్త అలాగే ఉంది. డాక్టర్లు సాధారణంగా పాటించే హద్దు ఇది: అరవై ఏళ్ల లోపు, లేదా ముట్లుడిగిన పదేళ్ల లోపు మొదలుపెట్టేవారికి లాభం వైపు మొగ్గు ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ గడ్డకట్టినవారు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, లివర్ జబ్బున్నవారు దీన్ని సొంతంగా ముట్టుకోకూడదు. వీళ్లకి హార్మోను లేని మందులున్నాయి, వాటి గురించి అడగండి.

మరో జాగ్రత్త. ప్రతి చెమటా మెనోపాజ్ కాదు. థైరాయిడ్ ఎక్కువైనా, షుగర్ మందులతో చక్కెర పడిపోయినా చెమటలు పడతాయి. రాత్రి చెమటలతో పాటు దగ్గు, బరువు తగ్గడం ఉంటే మన దగ్గర ముందు టీబీ పరీక్ష చేయించాలి. నలభై అయిదు దాటి, నెలసరి తప్పుతూ, ఆవిర్లు వస్తుంటే మెనోపాజ్ దశ అని చెప్పడానికి ఖరీదైన హార్మోను ప్యాకేజీలు అక్కర్లేదు. ఉమ్ము పరీక్ష చేసి మీకోసం ప్రత్యేకంగా క్రీమ్ కలిపిస్తామనే చోట డబ్బు కట్టకండి. బీపీ, రొమ్ము పరీక్ష, అవసరమైతే మామోగ్రామ్, స్కాన్, ఇవి మాత్రం వాయిదా వేయొద్దు.

గర్భసంచి ఉందా? కాగితం తీసి చూడండి

ఈ మందులో ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది. గర్భసంచి ఉన్న మనిషి ఒంటికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందం పెరుగుతూ పోతుంది, చివరికి క్యాన్సర్‌కి దారితీయొచ్చు. ఇది 1975 నుంచీ తెలిసిన సంగతే. అందుకే జెల్‌తో పాటు ప్రొజెస్టరాన్ మాత్ర ఇస్తారు. సాధారణంగా రోజూ రాత్రి 100 మిల్లీగ్రాములు, లేదా నెలలో 12 రోజులు 200. చర్మానికి రాసే ప్రొజెస్టరాన్ క్రీమ్ గర్భసంచిని కాపాడుతుందన్న నమ్మకం లేదు, దాన్ని మాత్రకి బదులుగా లెక్కపెట్టకండి.

ఇక్కడ ఉద్యోగం అడ్డొస్తుంది. ప్రొజెస్టరాన్ వేసుకుంటే మత్తుగా ఉంటుంది. ఉదయం వేసుకున్న హెడ్‌మిస్ట్రెస్‌కి ప్రేయర్ టైముకి కళ్లు మూతలు పడ్డాయనుకోండి. 'మిగతాది బాగానే ఉంది, ఈ ఒక్కటి వదిలేద్దాం' అనుకుంటుంది. జెల్‌తో ఆవిర్లు తగ్గాయి కాబట్టి తేడా తెలియదు. ఏడాదికి బ్లీడింగ్ మొదలవుతుంది. స్కాన్, బయాప్సీ, రెండు వారాల మెడికల్ లీవ్, రిపోర్టు వచ్చేదాకా బెంగ. పరిష్కారం చిన్నది: ఆ మాత్ర పడుకునేముందు వేసుకోవడం. ఆ మత్తు నిద్రకి పనికొస్తుంది కూడా. అప్పటికీ పడకపోతే వేరే దారి డాక్టరునే అడగాలి. జెల్ ఉంచి ప్రొజెస్టరాన్ ఆపడం మాత్రం మీ అంతట మీరు చేయకూడని పని.

ఆంధ్ర, తెలంగాణల్లో గర్భసంచి ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువ. నలభై లోపే చేయించుకున్నవాళ్లు మన ఆఫీసుల్లోనే ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఏం తీశారో సరిగ్గా తెలియదు. పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతకండి. అందులో టీఏహెచ్ అని మాత్రమే ఉంటే గర్భసంచి తీశారు. దాని పక్కన బీఎస్‌వో అని కూడా ఉంటే రెండు అండాశయాలూ పోయాయి. అండాశయాలు తీస్తే మెనోపాజ్ మర్నాడే మొదలవుతుంది, ఆవిర్లు తీవ్రంగా ఉంటాయి, ఎముకల మీదా భారం పడుతుంది. అలాంటివారికి సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోను ఇవ్వాల్సి రావచ్చు. గర్భసంచి లేకపోతే ప్రొజెస్టరాన్ సాధారణంగా అక్కర్లేదు. ఈ ఒక్క కాగితంతో మీ చికిత్స సగం తేలిపోతుంది కాబట్టి జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టుకోండి.

ఉదయం హడావిడిలో

ఎక్కువగా దొరికే పంపు డబ్బాల్లో ఒక లెక్క చూద్దాం. జెల్ 0.06 శాతం, ఒక్క నొక్కుకి 1.25 గ్రాములు వస్తుంది, అందులో ఈస్ట్రడయోల్ 0.75 మిల్లీగ్రాములు. 80 గ్రాముల డబ్బాలో 64 నొక్కులు. డాక్టరు రోజుకి రెండు రాస్తే డబ్బా 32 రోజులు రావాలి. తెరిచిన తేదీ మార్కర్‌తో డబ్బా మీదే రాయండి. ఇరవై రోజుల్లో అయిపోతే ఎక్కువ పూస్తున్నారు. నలభై అయిదు రోజులొస్తే చాలా రోజులు మర్చిపోతున్నారు. స్టాకు ఆడిట్‌కి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు. 64 అయ్యాక అడుగున మిగిలింది గీరి వాడకండి, నొక్కుకి ఎంత వస్తుందో చెప్పలేం. మీ డబ్బా శాతం, సైజు వేరైతే దాని కాగితం చదివి ఇదే లెక్క వేసుకోండి.

రాసుకోవడానికి మంచి టైము స్నానం అయ్యాక, ఒళ్లు పూర్తిగా ఆరాక. చేతి పైభాగానికో, తొడ లోపలివైపుకో పల్చగా పరచండి. గట్టిగా రుద్దక్కర్లేదు. రొమ్ముల మీద ఎప్పుడూ రాయకూడదు. అయిదు నిమిషాలు ఆరనిచ్చి బట్టలేసుకోండి. గంటసేపు ఆ చోట నీళ్లు, బాడీ లోషన్, సన్‌స్క్రీన్, కొబ్బరినూనె ఏవీ తగలనీయకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

మన ఇళ్లలో స్నానం అవగానే దీపం, ఆ వెంటనే స్టవ్వు. ఈ జెల్‌లో ఆల్కహాల్ ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు అంటుకుంటుంది. ఆరేదాకా అగ్గిపుల్ల గీయకండి. బండి మీద వెళ్లేవాళ్లు భుజందాకా తొడిగే స్లీవులు తడి మీద ఎక్కిస్తే మందు సగం గుడ్డకే పోతుంది. ఆ అయిదు నిమిషాలు టిఫిన్ తినడానికి వాడుకోండి.

పిల్లలున్న ఇంట్లో, పిల్లల మధ్య పనిచేసేచోట ఇంకా జాగ్రత్త. 2010లో అమెరికా ఎఫ్‌డీఏ ముంజేతి మీద కొట్టుకునే ఈస్ట్రోజెన్ స్ప్రే గురించి హెచ్చరించింది. ఆ చర్మం తగిలిన ఆడపిల్లల్లో చనుమొనలు ఉబ్బడం, వయసుకి ముందే రొమ్ము రావడం, మగపిల్లల్లో కూడా రొమ్ము పెరగడం కనిపించాయి. సాయంత్రం మనవణ్ణి ఎత్తుకునే అమ్మమ్మ, అంగన్‌వాడీ టీచరు, పిల్లల వార్డు నర్సు చేతికి బదులు తొడకి రాసుకోవచ్చేమో డాక్టర్ని అడిగి మార్చుకోవాలి. షిఫ్టులు మారే ఉద్యోగమైతే గడియారానికి కట్టుబడకండి, డ్యూటీకి వెళ్లేముందు చేసే స్నానానికి ముడిపెట్టండి. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెట్టింపు రాయొద్దు.

ఇది తలనొప్పి మాత్రలాంటిది కాదు. మీటింగున్న రోజు నాలుగు నొక్కులు, సెలవు రోజు సున్నా అంటే కుదరదు. అలా చేస్తే రొమ్ముల్లో సలపరం, తలనొప్పి, అకాల రక్తస్రావం వస్తాయి, ఆవిర్లు మాత్రం అక్కడే ఉంటాయి. ఇంకో మాట: ఈ మందు గర్భనిరోధకం కాదు. నెలసరి పూర్తిగా ఆగనివారు ఆ జాగ్రత్త వేరుగా తీసుకోవాల్సిందే.

పని దగ్గర లెక్కలు

మొదలుపెట్టిన వారం రోజుల్లో అద్భుతాలు ఆశించకండి. కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి మూడు నెలలు పట్టొచ్చు. మొదటి నెలల్లో కొద్దిగా మరకలు, ఉబ్బరం, రొమ్ముల నొప్పి ఉండొచ్చు. కాబట్టి ఆడిట్ వారంలోనో, పదో తరగతి పరీక్షల డ్యూటీలోనో కొత్తగా మొదలుపెట్టడం కన్నా కాస్త తెరిపి దొరికే నెలలో పెట్టుకోవడం మేలు. ట్రాన్స్‌ఫర్ సీజన్ దగ్గర పడితే ఒక డబ్బా ముందే కొని ఉంచుకోండి, కొత్త ఊళ్లో ఆ మందు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ప్రిస్క్రిప్షన్ ఫోటో ఫోన్లో ఉండాలి.

చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టండి. తేదీ, ఎన్ని నొక్కులు, పగలు ఎన్ని ఆవిర్లు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, బ్లీడింగ్ ఉందా. రోజుకి ఒక్క లైను చాలు. మూడు నెలల తర్వాత "ఎలా ఉందమ్మా" అని డాక్టరు అడిగితే "పర్లేదండీ" అనే బదులు "రోజుకి తొమ్మిది ఉండేవి, ఇప్పుడు మూడు" అని చెప్పగలుగుతారు. మోతాదు మార్చేది ఆ అంకెల్ని చూసే.

బాస్‌కి ఎంత చెప్పాలి? మెనోపాజ్ పేరుతో సెలవిచ్చే ఆఫీసులు ఇక్కడ అరుదు. ఉన్నవి సీఎల్, మెడికల్ లీవ్ మాత్రమే. పైగా ఒకసారి చెప్పిన మాట టీ బల్ల దగ్గర ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలుసు. కాబట్టి జబ్బు పేరు చెప్పక్కర్లేదు, కావాల్సింది అడగండి. "ఒక మందు మొదలుపెట్టాను, రెండు నెలలు నా రివ్యూ పొద్దున పదిన్నరకి పెట్టండి సార్", "ఆ ఫ్యాన్ కింద టేబుల్ నాకివ్వండి". ఇంతవరకు అడిగితే చాలామంది కాదనరు. బ్రిటన్‌లో పనిచేసే మన నర్సులకి, ఐటీవాళ్లకి పరిస్థితి కొంత వేరు. లక్షణాలు తీవ్రంగా, దీర్ఘకాలం ఉంటే అక్కడి 2010 ఈక్వాలిటీ చట్టం వర్తించవచ్చని, యజమాని తగిన సర్దుబాట్లు చేయాలని అక్కడి సమానత్వ కమిషన్ 2024 ఫిబ్రవరిలో చెప్పింది. అక్కడున్నవాళ్లు రాతపూర్వకంగా అడగాలి.

ఈ మందు ఏం చేయలేదో కూడా తెలిసుండాలి. ముగ్గురి పని ఒక్కరి మీద పడితే వచ్చే అలసటకి జెల్ లేదు. ఆవిర్లు తగ్గి నిద్ర పట్టాక కూడా మీరు నీరసంగానే ఉంటే రక్తహీనత, థైరాయిడ్ చూపించుకోండి. రెండూ బాగుంటే అప్పుడు పని పంపకం గురించి మాట్లాడండి.

మందు వాడుతుండగా ఆలస్యం చేయకూడనివి కొన్నున్నాయి. ఒక పిక్క వాచి నొప్పెట్టడం, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి, మాట ముద్దగా రావడం, ఒక వైపు చేయి పట్టుతప్పడం, వీటిల్లో ఏదొచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి, మీటింగు అయ్యాక చూద్దామనకూడదు. ఆరు నెలలు దాటాక బ్లీడింగ్ వచ్చినా, ఆగిపోయి మళ్లీ మొదలైనా, ఆ వారంలోనే గైనకాలజిస్టుకి చూపించాలి.

చివరగా మన ఆఫీసుల్లో చూస్తూ వచ్చిన సంగతి. నలభై ఎనిమిది, యాభై మధ్య స్కేలు పెరిగే అవకాశం వస్తుంది. అదే టైములో నిద్రల్లేని రాత్రులు. "నావల్ల కాదండీ" అని ప్రమోషన్ వద్దని రాసిచ్చేస్తారు, లేదా వీఆర్ఎస్ పెడతారు. ఆవిర్లు తగ్గుతాయి, ఆ సంతకం మాత్రం అలాగే ఉంటుంది. మందు మొదలుపెట్టి, మూడు నెలల నోటుబుక్కు డాక్టరుకి చూపించండి. ప్రమోషన్ కాగితం మీద సంతకం ఆ తర్వాత పెట్టండి.